గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఉద్యోగులు (తెలంగాణ)

గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ తెలంగాణ ప్రభుత్వ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ ఆధ్వర్యంలో పనిచేసే స్వయంప్రతిపత్తి గల సంస్థ. వాడుకలో దీనిని సెర్ప్ అంటారు. గ్రామాలలో మాత్రం నేటికీ వెలుగు ఆఫీసు అనో, ఐకేపీ ఆఫీసు అనో పిలవడం పరిపాటి. మహిళా స్వయం సహాయక సంఘాల ఏర్పాటు, బ్యాంకు రుణాల అనుసంధానము, వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు ఇచ్చే సామాజిక భద్రతా పింఛన్ల నిర్వహణ ఈ సంస్థ ముఖ్య బాధ్యతలు. ఈ వ్యాసము ఆ సంస్థలో పనిచేసే ఉద్యోగుల శ్రేణులు, ఎంపిక, వేతనము, ఉద్యోగ ప్రయోజనాలను వివరిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన అచ్చంపేట ప్రాంతము ఇందుకు ఉదాహరణగా తీసుకొనబడింది. లక్షలాది మందికి నెలనెలా పింఛను అందేటట్లు చూసే ఈ సిబ్బందికి తమ సొంత వృద్ధాప్యానికి సరిపడే పింఛను లేకపోవడం, సంస్థ ఏర్పడిన తరువాత ఇరవై రెండు సంవత్సరాలకు పైగా గడిచాక గాని వేతన స్కేలు లభించకపోవడం ఈ ఉద్యోగాల చరిత్రలో ప్రధానాంశాలు.

నేపథ్యము

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో పేద మహిళలను సంఘాలుగా సమీకరించే ప్రయత్నము 1980 దశకములో డ్వాక్రా పథకముతో మొదలయింది. 1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము సహాయముతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమము మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాలలోని ఎంపిక చేసిన మండలాలలో ప్రారంభమయింది. సంఘాలను గ్రామ స్థాయిలో సమాఖ్యగా, గ్రామ సమాఖ్యలను మండల సమాఖ్యగా కూర్చే పద్ధతి ఆ కార్యక్రమములో రూపుదిద్దుకున్నది.

ఆ అనుభవము ఆధారంగా 2000 సంవత్సరంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడింది. సొసైటీగా నమోదయిన ఈ సంస్థ పాలకమండలికి ముఖ్యమంత్రి అధ్యక్షులు. అదే సంవత్సరము ప్రపంచ బ్యాంకు ఋణముతో జిల్లా పేదరిక నిర్మూలన పథకము శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు అనే ఆరు జిల్లాలలో మొదలయింది. అచ్చంపేట అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండుటచే, ఈ ప్రాంతము తొలి విడతలోనే పథకము పరిధిలోకి వచ్చింది. "వెలుగు" అనే పేరు ప్రజలలో స్థిరపడింది ఈ కాలములోనే. 2003లో పథకాన్ని మిగిలిన గ్రామీణ జిల్లాలకు విస్తరించారు. తరువాత దీని పేరు ఇందిరా క్రాంతి పథం అయింది. 2011లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ రూపకల్పనలో ఆంధ్ర ప్రదేశ్ సమాఖ్యల అనుభవాన్ని నమూనాగా పరిగణించారు.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట తెలంగాణకు, ఆంధ్ర ప్రదేశ్‌కు వేరువేరుగా సెర్ప్ సంస్థలు ఏర్పడినవి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అచ్చంపేట కొత్తగా ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది.

అచ్చంపేట ప్రాంతములో పని స్వభావము

అచ్చంపేట నల్లమల అడవుల అంచున ఉన్న పట్టణము. దీనికి దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి, దానిని దాటితే కృష్ణానది లోయ. పట్టణానికి పురపాలక సంఘము ఉన్నది. అందువలన పట్టణ పరిధిలోని మహిళా సంఘాలు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కిందకు వస్తాయి. చుట్టుపక్కల గ్రామాలు సెర్ప్ పరిధిలో ఉంటాయి. ఒకే ఊరి పేరుతో రెండు సంస్థలు పనిచేయడం కొత్తవారికి తికమక కలిగించే విషయము.

అచ్చంపేటతో పాటు అమ్రాబాద్, పదర, బల్మూర్, లింగాల, ఉప్పునుంతల మండలాలు ఈ ప్రాంతములోనివి. మెట్ట సేద్యము, వర్షాధారము, వలస ఇక్కడి జీవనాన్ని నిర్ణయించిన అంశాలు. పనుల కొరకు పడుచువారు హైదరాబాదు, ముంబయి, పుణె వంటి నగరాలకు వెళ్ళగా ఊళ్ళో ముసలివారు, పిల్లలు మిగిలే పరిస్థితి పాలమూరు గ్రామాలలో చాలాకాలము సాధారణముగా ఉండేది. ఇటువంటి ఇళ్ళలో నెలకు ఒకసారి చేతికి వచ్చే పింఛను సొమ్మే నమ్మకమైన ఆదాయము.

నల్లమలలో నివసించే చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహముగా గుర్తింపు పొందినవారు. వీరి ఆవాసాలను పెంటలు అంటారు. అప్పాపూర్, భౌరాపూర్ వంటి పెంటలు అమ్రాబాద్ పులుల అభయారణ్యము లోపల ఉన్నవి. మన్ననూరులో చెంచుల కొరకు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము ఉన్నది. పెంటలలో ఒక సంఘము సమావేశము జరపాలన్నా, ఒక వృద్ధురాలి పింఛను దరఖాస్తు పూర్తి చేయాలన్నా సిబ్బంది అటవీ మార్గాన వెళ్ళవలసి ఉంటుంది. ఫోను సంకేతాలు అందని చోట్ల ఆధార్, వేలిముద్ర వంటి సాంకేతిక పద్ధతులు అక్కరకు రావు. మైదాన ప్రాంతములోని ఉద్యోగికి, అడవి అంచున పనిచేసే ఉద్యోగికి హోదా, జీతము ఒకటే అయినా పనిభారము ఒకటి కాదు.

సిబ్బంది శ్రేణులు

సెర్ప్‌లో రెండు రకాల సిబ్బంది ఉంటారు. మొదటివారు ప్రభుత్వ శాఖల నుండి డిప్యుటేషన్ మీద వచ్చే అధికారులు. వీరికి తమ మాతృశాఖ నియమాల ప్రకారము జీతభత్యాలు, సెలవులు, పింఛను కొనసాగుతాయి. రెండవవారు సంస్థ స్వయముగా నియమించుకున్నవారు. సంస్థ మానవ వనరుల నియమావళిలో వీరికి నిర్ణీత కాలవ్యవధి ఉద్యోగులు అని పేరు. సంఖ్యలో వీరే అధికులు.

రాష్ట్ర స్థాయి: ముఖ్య కార్యనిర్వహణాధికారి సంస్థకు అధిపతి. ఈ పదవిలో సాధారణముగా ఐ.ఏ.ఎస్. అధికారి ఉంటారు. వీరికి సహాయముగా డైరెక్టర్లు, ప్రాజెక్టు మేనేజర్లు పనిచేస్తారు.

జిల్లా స్థాయి: జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి కలెక్టరుకు బాధ్యులై ఉంటారు. వీరి కింద సంఘ నిర్మాణము, బ్యాంకు అనుసంధానము, జీవనోపాధులు, పింఛన్లు మొదలగు విభాగాలకు జిల్లా ప్రాజెక్టు మేనేజర్లు ఉంటారు. వాడుకలో వీరిని డీపీఎం అంటారు.

మండల స్థాయి: అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరు, అనగా ఏపీఎం, మండల కార్యాలయానికి బాధ్యులు. మండల సమాఖ్య సమావేశాలు, బ్యాంకు మేనేజర్లతో సంప్రదింపులు, నివేదికలు వీరి పని.

క్లస్టరు స్థాయి: కొన్ని గ్రామాలను కలిపి ఒక క్లస్టరుగా చేసి, ఒక్కొక్కదానికి ఒక క్లస్టర్ కోఆర్డినేటరును నియమిస్తారు. సీసీ అని పిలిచే ఈ ఉద్యోగే సంస్థకు, గ్రామ మహిళలకు నడుమ వారధి. అచ్చంపేట ప్రాంతములో ఊరివారికి సెర్ప్ అంటే తెలిసిన ముఖము సాధారణముగా ఈ సీసీదే.

గ్రామ స్థాయి: గ్రామైక్య సంఘము లెక్కలు వ్రాయడానికి సహాయకులు ఉంటారు. వీరిని వీవోఏలు అంటారు. వీరు సంస్థ ఉద్యోగులు కారు, గ్రామైక్య సంఘము తరపున పనిచేసి గౌరవ వేతనము పొందేవారు. ఈ భేదము చిన్నదిగా కనిపించినా జీతము, భవిష్య నిధి, సెలవుల విషయములో చాలా పెద్దది.

ఎంపిక, శిక్షణ

తొలి విడతలో క్షేత్రస్థాయి ఉద్యోగులను ఎంపిక చేసేటప్పుడు చదువుతో పాటు గ్రామములో ఉండి పనిచేయగల సంసిద్ధతకు ప్రాధాన్యము ఇచ్చారు. ఎంపికైనవారు పల్లెలో బస చేసి, అక్కడి పేద కుటుంబాల స్థితిగతులను తెలుసుకొని, సంఘాలను కూడగట్టవలసి ఉండేది. పట్టభద్రులు, సామాజిక సేవా శాస్త్రములో స్నాతకోత్తర పట్టా పొందినవారు, వ్యవసాయ, పశుసంవర్ధక విషయాలు చదివినవారు ఈ ఉద్యోగాలలో చేరినారు. ఉపాధ్యాయ నియామక పరీక్షల కొరకు ఎదురుచూస్తూ తాత్కాలికముగా చేరి, ఇందులోనే ఉండిపోయినవారూ ఉన్నారు.

శిక్షణ రాష్ట్ర స్థాయిలో రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థలలోను, జిల్లా స్థాయిలో శిక్షణ కేంద్రాలలోను జరుగుతుంది. సంఘ సభ్యులలో అనుభవము గల మహిళలే ఇతర గ్రామాలకు, ఇతర రాష్ట్రాలకు వెళ్ళి శిక్షణ ఇవ్వడం ఈ సంస్థ ప్రత్యేకత. సామాజిక వనరుల వ్యక్తులుగా పిలిచే ఈ మహిళలలో చాలామంది పెద్ద చదువులు చదివినవారు కారు.

పదోన్నతి మార్గము సీసీ నుండి ఏపీఎం, అక్కడినుండి డీపీఎం. పై మెట్లలో పోస్టులు తక్కువ కాబట్టి, సీసీగా చేరినవారిలో పలువురు అదే హోదాలో దీర్ఘకాలము కొనసాగవలసి వస్తుంది.

పింఛన్ల నిర్వహణలో పాత్ర

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ఆసరా పింఛన్ల పథకాన్ని ప్రారంభించింది. అంతకు ముందు నెలకు 200 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య, వితంతు పింఛను 1,000 రూపాయలయింది. వికలాంగుల పింఛను 500 నుండి 1,500 రూపాయలకు పెరిగింది. చేనేత, కల్లుగీత కార్మికులకు కూడ ఇందులో స్థానము కల్పించారు. తరువాతి సంవత్సరాలలో బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, బోదకాలు బాధితులు చేరినారు. 2019లో ఈ మొత్తాలను 2,016, 3,016 రూపాయలకు పెంచారు. 2022 ఆగస్టులో వృద్ధాప్య పింఛను అర్హత వయస్సును 65 నుండి 57 సంవత్సరాలకు తగ్గించి కొత్త పింఛన్లు మంజూరు చేశారు. 2023లో వికలాంగుల పింఛను 4,016 రూపాయలయింది. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమము కింద కేంద్రము తన జాబితాలోని 60 నుండి 79 సంవత్సరాల వృద్ధులకు ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు మాత్రమే. మిగిలినది రాష్ట్ర ప్రభుత్వము భరిస్తుంది. 2023 డిసెంబరు తరువాత పింఛన్ల పథకానికి చేయూత అనే పేరు వాడుకలోకి వచ్చింది.

గ్రామములో దరఖాస్తును పంచాయతీ కార్యదర్శి, మండల పరిషత్ అభివృద్ధి అధికారి పరిశీలిస్తారు. రాష్ట్ర స్థాయిలో జాబితాల నిర్వహణ, నిధుల విడుదల సెర్ప్ పని. గ్రామాలలో ఎక్కువగా తపాలా కార్యాలయాల ద్వారా, పట్టణాలలో బ్యాంకు ఖాతాల ద్వారా సొమ్ము అందుతుంది. జీవితమంతా రాళ్ళు మోసి, నాగలి పట్టి అరిగిపోయిన వేళ్ళ ముద్రలను యంత్రము గుర్తించలేకపోవడం తరచు ఎదురయ్యే సమస్య. అటువంటి సందర్భములో పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణతో చెల్లించే ఏర్పాటు ఉన్నది. 2025లో ముఖ గుర్తింపు పద్ధతిని కూడ ప్రవేశపెట్టారు.

అర్హత నియమాలలో ఈ వ్యాస విషయానికి సంబంధించిన ఒక అంశము ఉన్నది. 2014 మార్గదర్శకాల ప్రకారము మూడు ఎకరాలకు మించి తరి, లేదా ఏడున్నర ఎకరాలకు మించి మెట్ట భూమి ఉన్నవారు పింఛనుకు అనర్హులు. సంతానము ప్రభుత్వ, ప్రైవేటు, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగములో ఉన్న తల్లిదండ్రులు కూడ అనర్హులే. అనగా ఇతరుల తల్లిదండ్రులకు పింఛను అందేలా శ్రమించే నిర్ణీత కాలవ్యవధి ఉద్యోగి, తన ఉద్యోగము కారణముగానే తన తల్లిదండ్రులకు ఆ పింఛనును పొందలేడు.

వేతనము

సంస్థ ఏర్పడిన నాటినుండి రెండు దశాబ్దాలకు పైగా సొంత సిబ్బందికి ఏకమొత్తపు వేతనము ఉండేది. ఏకమొత్తపు వేతనములో మూలవేతనము, కరవు భత్యము, ఇంటి అద్దె భత్యము అనే విభజన ఉండదు. ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వోద్యోగికి కరవు భత్యము దానంతటదే లెక్కకు వస్తుంది. ఏకమొత్తపు వేతనము పొందే ఉద్యోగికి ప్రత్యేక ఉత్తర్వు వచ్చినప్పుడే జీతము పెరుగుతుంది. పైగా పథకము నిధులు, ఒప్పందపు గడువు ముగిస్తే ఉద్యోగము కొనసాగుతుందా అనే అనుమానము ఎప్పుడూ ఉండేది. బ్యాంకులు గృహఋణము ఇచ్చేటప్పుడు, సంబంధాలు కుదుర్చుకొనేటప్పుడు ఈ అనిశ్చితి లెక్కలోకి వచ్చేది.

వేతన స్కేలు కావాలని ఉద్యోగ సంఘాలు దీర్ఘకాలము కోరుతూ వచ్చాయి. 2022 మార్చిలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు శాసనసభలో సెర్ప్, మెప్మా సిబ్బందికి ప్రభుత్వోద్యోగులతో సమానముగా వేతనాలు ఇస్తామని ప్రకటించారు. 2023 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగములో ఈ విషయము మరల వచ్చింది. 2023 మార్చిలో ఉత్తర్వులు వెలువడి, ఏప్రిల్ 1 నుండి వేతన స్కేలు అమలులోకి వచ్చింది. దీనివలన దాదాపు నాలుగు వేలమంది సిబ్బందికి ప్రయోజనము కలిగింది.

వేతన స్కేలు రాకతో మూడు మార్పులు వస్తాయి. మొదటిది, ఉద్యోగి ఏ మెట్టు మీద ఉన్నాడో స్పష్టమవుతుంది. రెండవది, ఏటా ఇంక్రిమెంటు వస్తుంది. మూడవది, భత్యాలను మూలవేతనము ఆధారముగా లెక్కించే వీలు కలుగుతుంది. తెలంగాణ 2020 వేతన సవరణ ప్రకారము రాష్ట్ర ప్రభుత్వ మాస్టర్ స్కేలు 19,000 రూపాయల నుండి 1,62,070 రూపాయల వరకు ఉన్నది.

అయితే వేతన స్కేలు వేరు, క్రమబద్ధీకరణ వేరు. స్కేలు పొందినంత మాత్రాన సొసైటీ ఉద్యోగి ప్రభుత్వోద్యోగి కాజాలడు. 2001లో పాతికేళ్ళ వయస్సులో చేరిన ఉద్యోగికి స్కేలు అందేనాటికి నలభై ఏడు సంవత్సరాలు నిండుతాయి. ఇంక్రిమెంట్ల ఫలితము కూడబెట్టుకోవడానికి అతనికి మిగిలిన కాలము తక్కువ.

ఉద్యోగ ప్రయోజనాలు

ప్రభుత్వోద్యోగులకు, సొసైటీ లేదా కాంట్రాక్టు ఉద్యోగులకు లభించే ప్రయోజనాలను నిర్ణయించే నియమాలు వేరువేరు. ముఖ్యమైనవి ఈ దిగువన ఇవ్వబడినవి.

పింఛను: 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు కాంట్రిబ్యూటరీ పింఛను పథకము వర్తిస్తుంది. ఉద్యోగి మూలవేతనము, కరవు భత్యములలో 10 శాతము చెల్లిస్తే, ప్రభుత్వము అంతే మొత్తము జమచేస్తుంది. భవిష్య నిధి పరిధిలోకి వచ్చే సంస్థల ఉద్యోగులకు 1995 ఉద్యోగుల పింఛను పథకము వర్తిస్తుంది. ఇందులో పది సంవత్సరాల సేవ పూర్తయినవారికి 58 ఏళ్ళ వయస్సులో పింఛను వస్తుంది. పింఛను వేతనాన్ని సేవా సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. పింఛను వేతనానికి 2014 సెప్టెంబరు నుండి గరిష్ఠ పరిమితి సాధారణముగా 15,000 రూపాయలు. ఆ లెక్కన పది సంవత్సరాల సేవకు వచ్చే పింఛను సుమారు 2,143 రూపాయలు. 2019 నాటి వృద్ధాప్య ఆసరా పింఛను 2,016 రూపాయలు. రెండింటికీ తేడా 127 రూపాయలు మాత్రమే.

భవిష్య నిధి: ఉద్యోగి వేతనములో 12 శాతము మినహాయిస్తారు. యజమాని వాటా కూడ 12 శాతమే. కాని అందులో 8.33 శాతము, పరిమితికి లోబడి, పింఛను నిధికి వెళుతుంది. 15,000 రూపాయల పరిమితి మీద ఇది నెలకు 1,250 రూపాయలు.

గ్రాట్యుటీ: 1972 చట్టము ప్రకారము అయిదు సంవత్సరాల సేవ పూర్తిచేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల వేతనము చొప్పున చెల్లించాలి. నెలను 26 పనిదినాలుగా లెక్కిస్తారు. ఉదాహరణకు చివరి నెల వేతనము 26,000 రూపాయలు, సేవ ఇరవై సంవత్సరాలు అయితే గ్రాట్యుటీ 3,00,000 రూపాయలు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ చట్టము స్థానములో నిలిచింది. నిర్ణీత కాలపు ఒప్పందము మీద పనిచేసేవారు ఒక సంవత్సర సేవతోనే గ్రాట్యుటీకి అర్హులని ఈ స్మృతి చెబుతున్నది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల గ్రాట్యుటీకి 2020 వేతన సవరణలో 16 లక్షల రూపాయల పరిమితి నిర్ణయించారు.

సెలవులు: రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 15 సాధారణ సెలవులు, 30 ఆర్జిత సెలవులు ఉంటాయి. ఆర్జిత సెలవులను 300 వరకు నిల్వ చేసుకొనవచ్చును. మహిళలకు 180 రోజుల ప్రసూతి సెలవు, 90 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నవి. ఇతర సంస్థలలో పనిచేసే మహిళలకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు లభిస్తుంది. సొసైటీ ఉద్యోగుల సెలవులను సంస్థ మానవ వనరుల నియమావళి నిర్ణయిస్తుంది.

కారుణ్య నియామకము: ప్రభుత్వోద్యోగి సర్వీసులో ఉండగా మరణిస్తే, అర్హులైన కుటుంబ సభ్యులలో ఒకరికి ఉద్యోగము ఇచ్చే పద్ధతి ఉన్నది. సొసైటీ, కాంట్రాక్టు ఉద్యోగుల కుటుంబాలకు ఇది ఆ నియమాల కింద హక్కుగా వర్తించదు. అడవి మార్గాలలో ద్విచక్ర వాహనము మీద తిరిగే క్షేత్రస్థాయి ఉద్యోగుల కుటుంబాలకు ఈ వ్యత్యాసము ముఖ్యమైనది.

గ్రామ సమాఖ్య సహాయకులు

గ్రామైక్య సంఘ సహాయకులలో అత్యధికులు స్త్రీలు, తరచు సంఘ సభ్యులే. సంఘాల పొదుపు, అప్పు లెక్కలు వ్రాయడం, బ్యాంకు పత్రాలు సిద్ధపరచడం, సమావేశాలకు సభ్యులను పిలవడం వీరి ప్రధాన కర్తవ్యాలు. ధాన్యము కొనుగోలు కేంద్రాల నిర్వహణ, వివిధ సర్వేల వంటి పనులు కూడ వీరి మీద పడుతుంటాయి. 2023 వేసవిలో వీరు సమ్మె చేశారు. గుర్తింపు, వేతనము పెంపు, బీమా వారి ప్రధాన కోరికలు. 2023 సెప్టెంబరులో గౌరవ వేతనాన్ని నెలకు 8,000 రూపాయలకు పెంచుతూ నిర్ణయము వెలువడింది. ఇది గౌరవ వేతనమే గాని జీతము కాదు కనుక స్కేలు, ఇంక్రిమెంటు దీనికి లేవు.

ఉపాధి హామీ సిబ్బందితో పోలిక

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరిలో తొలి విడతగా అమలయిన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. ఈ పథకములో కూలీల హాజరు వేసే క్షేత్ర సహాయకులు ప్రతి గ్రామములో పరిచితులు. 2020 మార్చిలో సమ్మెకు దిగిన క్షేత్ర సహాయకులను తెలంగాణ ప్రభుత్వము విధుల నుండి తొలగించింది. రెండు సంవత్సరాల పిమ్మట, 2022లో, వారిని తిరిగి తీసుకున్నది. ఒకే జిల్లా అధికారి కింద, చాలాచోట్ల ఒకే ప్రాంగణములో పనిచేసే రెండు రకాల సిబ్బందిలో ఒకరికి స్కేలు రావడం, మరొకరు ఉద్యోగమే కోల్పోయి మరల పొందడం, ఒప్పంద ఉద్యోగాలలోని అనిశ్చితిని తెలియజేస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్‌లో పింఛన్ల పంపిణీ వేరొక దారిన సాగింది. అక్కడ గ్రామ, వార్డు వాలంటీర్లు ఇంటింటికి వెళ్ళి పింఛను అందించారు. 2024 జూలై నుండి ఆ పని గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులు చేస్తున్నారు.

న్యాయస్థానాల తీర్పులు

ఈ తరహా ఉద్యోగుల హక్కులపై సుప్రీంకోర్టు తీర్పులు మూడు ముఖ్యమైనవి. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో, రాజ్యాంగబద్ధమైన పోటీ పద్ధతిలో కాక తాత్కాలికముగా నియమితులైనవారికి క్రమబద్ధీకరణ హక్కు లేదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పేర్కొన్నది. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో, క్రమబద్ధ ఉద్యోగులతో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు స్కేలులోని కనీస వేతనము చెల్లించాలని చెప్పింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, శాశ్వత స్వభావము గల పనిని ఏళ్ళ తరబడి తాత్కాలిక సిబ్బందితో చేయించుకొని, ఉమాదేవి తీర్పును అడ్డుపెట్టుకొని వారి కోరికను నిరాకరించడం తగదన్నది.

ఈ తీర్పుల సారాంశము ఏమనగా, సమాన వేతనము కోరడానికి బలమైన ఆధారము ఉన్నది, శాశ్వత ఉద్యోగము కోరడానికి నియామకము జరిగిన పద్ధతి కీలకము. అందువలన తొలి నియామకానికి ప్రకటన వెలువడిందా, పరీక్ష జరిగిందా, రిజర్వేషన్లు పాటించారా అనే పాత పత్రాలకు విలువ ఏర్పడింది.

ఉద్యోగార్థులు గమనించదగినవి

ప్రభుత్వ పథకాలలో ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడు, అది ప్రభుత్వ శాఖలోని పోస్టా, సొసైటీ పోస్టా, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా నియామకమా అన్నది మొదట చూడవలసిన విషయము. మూడింటికీ పని ఒకే విధముగా ఉండవచ్చును గాని ప్రయోజనాలు ఒకటి కావు. నియామక పత్రములో ఒప్పందపు కాలవ్యవధి, వేతనము ఏకమొత్తమా స్కేలా, భవిష్య నిధి మినహాయింపు ఉన్నదా అనే వివరాలు ఉంటాయి. భవిష్య నిధి ఖాతా సంఖ్య ఉద్యోగి పేరున, ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే నమోదు కావడం అవసరము. పేరులో తేడా ఉంటే డబ్బు తీసుకొనేటప్పుడు చిక్కులు వస్తాయి. ఉద్యోగములో చేరిన నాటి ఉత్తర్వును, ప్రతి పొడిగింపు ఉత్తర్వును భద్రపరచుకొనడం తరువాతి కాలములో సేవను నిరూపించడానికి ఉపకరిస్తుంది.

ప్రాముఖ్యత

తెలంగాణలో నలభై లక్షలకు పైగా పింఛనుదారులకు సంబంధించిన వ్యవస్థ ఈ సిబ్బంది మీద ఆధారపడి ఉన్నది. అచ్చంపేట వంటి ప్రాంతములో తపాలా కార్యాలయము ముందు నెలనెలా బారులు తీరే వృద్ధులకు ఆ సొమ్ము ఏ కార్యాలయము నుండి వస్తున్నదో తెలియకపోవచ్చును. రాకపోతే మాత్రము ఎవరిని అడగాలో తెలుసు. ఆ ప్రశ్నకు ఊళ్ళో జవాబు చెప్పవలసినవారిలో సీసీ, వీవోఏ ముందుంటారు. 2000 దశకము ఆరంభములో చేరిన తొలి తరము ఉద్యోగులు ఇప్పుడు పదవీ విరమణ వయస్సుకు చేరువవుతున్నారు. స్కేలు సమస్య 2023లో చాలావరకు తీరినది. సర్వీసు అనంతర పింఛను, గ్రామ స్థాయి సహాయకుల హోదా అనే రెండు విషయాలు ఈ ఉద్యోగాల విషయములో ప్రధానముగా చర్చకు వస్తున్న అంశాలు.

ఇవి కూడా చూడండి

అచ్చంపేట
ఆసరా పింఛన్లు
స్వయం సహాయక సంఘాలు
స్త్రీనిధి
చెంచులు
ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ